మహిమే

ఆ ఫొటో ఉజ్మా కంటపడింది జనవరిలో ఒక మధ్యాహ్నం. గుంటూరులో ఆమె పనిచేసే కీటకశాస్త్రం ల్యాబులో మిగతావాళ్ళంతా భోజనాలకు వెళ్ళారు. విదేశంలో ఒక పాత మ్యూజియం వాళ్ళు, వందేళ్ళుగా పెట్టెల్లో పడి ఉన్న గాజు స్లయిడ్లకు ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. ఉజ్మా ఒక చేత్తో పెరుగన్నం తింటూ ఇంకో చేత్తో వాటిని తిప్పుకుంటూ పోతోంది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది.

పచ్చబడిన జిగురులో ఒక మగపురుగు. విరిగితే మళ్ళీ అతికించిన గాజు. పక్కన వెలిసిపోయిన సిరాతో, ఇంగ్లీషు అక్షరాల్లో పేరు: ట్రైకోగ్రామా ఎడితే. దొరికిన చోటు మద్రాసు ప్రెసిడెన్సీ, చెరకు తోట.

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది. మీసాల మీది వెంట్రుకల పొడవు, ఒంటి చివర కొక్కెం వంపు. డబ్బా మూత పెట్టేసి, చెయ్యి కడుక్కొచ్చి మళ్ళీ చూసింది. ఆ పురుగు ఆమెకు బాగా తెలుసు. దాని బొమ్మ ఆమె స్వయంగా గీసింది. అంతకుముందు ఏడాది దానికి పేరు పెట్టిందీ ఆమే. కాకపోతే ఆ పేరు ఎడితే కాదు, మహిమే.

మహిమ ఆమె స్నేహితురాలు. ఇద్దరూ ఎమ్మెస్సీలో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, తర్వాత ఒకే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనకు చేరారు. ఉజ్మాది గుంటూరు పక్కన నల్లపాడు. మహిమది దర్శి దగ్గర పల్లె. తండ్రి జయపాల్ కౌలుకు మిరప, పత్తి వేస్తాడు. తల్లి సంతోషకుమారి ఊళ్ళోని ప్రాథమిక పాఠశాలలో టీచరు.

మిగతావాళ్ళు పరీక్ష కోసం బట్టీపట్టి మర్చిపోయే లాటిన్ పేర్లను మహిమ విప్పి చూసేది. శాస్త్రనామాల్లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక వస్తాయని, తెల్లవాళ్ళకంటే మనకే అవి సులువుగా ఎక్కాలని అనేది. ట్రైకో అంటే గ్రీకులో వెంట్రుక, గ్రామా అంటే గీత. ఆ పురుగు రెక్కల మీద సన్నటి వెంట్రుకలు గీతలు గీసినట్టు వరసలుగా ఉంటాయి, అందుకని ట్రైకోగ్రామా. పత్తినీ మిరపనీ తినే కాయతొలుచు పురుగు పేరు చివర ఆర్మిజెరా అని ఉంటుంది. ఆయుధాలు మోసేది అని అర్థం. లద్దెపురుగు స్పోడోప్టెరా, అంటే బూడిద రెక్కలది. గుంటూరు నుంచి దర్శి వెళ్ళే బస్సులో మహిమ ఇవన్నీ చెబుతుంటే ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు.

నల్ల తామర పురుగు వచ్చి మిరప తోటలు మాడ్చేసిన ఏడు జయపాల్ తన చేను మొత్తం పీకేశాడు. ఆ రోజు ఉజ్మా వాళ్ళింట్లోనే ఉంది. పురుగు పేరేంటని కూతుర్ని ఆయన అడిగాడు. పార్విస్పైనస్ అని, చిన్న ముల్లుది అని అర్థం వస్తుందని మహిమ చెప్పింది.

"చిన్న ముల్లా?" అన్నాడాయన, పీకిన మొక్కల కట్ట గట్టు మీద పడేసి. "ఆ పేరు పెట్టినోడెవడో మిరప వేసినోడు మాత్రం కాదమ్మా."

మహిమ చేసే పని పైరు తినే పురుగుల గుడ్ల గురించి. ట్రైకోగ్రామా తన గుడ్లను కాయతొలుచు పురుగు గుడ్లలో పెట్టి, అది పుట్టకముందే చంపేస్తుంది. కంటికి సరిగ్గా ఆనదు, అచ్చులో చుక్కకంటే చిన్నది. దర్శి చుట్టుపక్కల చేలల్లో మిరపాకుల మీది గుడ్లు ఏరి, గాజు గొట్టాల్లో పెట్టి, వాటిలోంచి ఏం బయటికొస్తుందా అని కనిపెట్టుకుని ఉండేది. అలా వచ్చినవాటిలో ఒకటి తెలిసిన ఏ జాతికీ సరిపోలేదు. ఆమె వాటిని స్లయిడ్లకు ఎక్కించి, చీటీలు రాసి, పెట్టెలో సర్దింది. పేరు మాత్రం పెట్టలేదు. ఇంకా పాత పుస్తకాలు వెతకాలి అనేది.

మరుసటి ఏడు వానాకాలం వెళ్ళిపోయే రోజుల్లో ఆమె ఊళ్ళో ఉండగా ఉక్కపోతగా ఉందని తల్లి పక్కనే నేల మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారి కడుపునొప్పి అంది. సంతోషకుమారి వాము నమిలించింది. కాసేపటికి మహిమ గోడకు ఆనుకుని కూర్చుని, వేళ్ళతో కనురెప్పలు పైకెత్తుకుంటూ, "అమ్మా, నా రెప్పలు లేవట్లేదు. నన్ను కట్లపాము కరిచింది" అంది. ఎక్కడ కరిచిందో వెతికినా గాటు కనబడలేదు. ఆ పాము కరిస్తే నొప్పి తెలియదు. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, మందు ఎక్కించారు, ఊపిరి అందడం లేదని పెద్దాసుపత్రికి పంపారు. దారిలోనే పోయింది.

పెట్టెలో మిగిలిన పనిని ఉజ్మా పూర్తి చేసింది. ప్రొఫెసర్ రామాంజనేయులు, ఆమె కలిసి ఆ పురుగును కొత్త జాతిగా ప్రకటిస్తూ వ్యాసం అచ్చు వేయించారు. ఆడమనిషి పేరు మీద పెట్టేటప్పుడు చివర ఏ, ఈ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చేరుస్తారు. ఫలానా ఆమెది అని అర్థం. కాలేజీల్లో దాన్ని 'మహిమీ' అని పలుకుతారు. సంతోషకుమారి మాత్రం ఆ కాగితం చేతికిచ్చినప్పుడు కళ్ళజోడు పెట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుని, "మహిమే" అని చదివింది. ఇంకోసారి చదివి, "అవును, మా మహిమే" అంది. ఉజ్మా ఆమెను సరిదిద్దలేదు. ఆ తర్వాత తను కూడా వేరేగా పలకలేదు.

ఆ పేరును ఆ తల్లిదండ్రులు సమాధి రాయి మీద చెక్కించారు. చీమకుర్తి నల్లరాయి. మహిమ పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, వాటి కింద ఇంగ్లీషులో ట్రైకోగ్రామా మహిమే. రాళ్ళు చెక్కే బుల్లయ్యకు ఒక్కొక్క అక్షరం సంతోషకుమారే పక్కన నిలబడి చెప్పింది.

ఇదంతా ఉజ్మా మనసులో ఉండగానే ప్రొఫెసర్ భోజనం చేసి వచ్చాడు. ఆమె కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. కుర్చీ లాక్కుని మళ్ళీ చూశాడు.

"ఈ స్లయిడు పోయిందనే కదా అందరూ రాశారు" అన్నాడు.

"పోలేదు సార్. విరిగితే ఎవరో వేరే పెట్టెలో పెట్టారు."

"పాత వ్యాసంలో వర్ణన రెండు లైన్లే. బొమ్మ లేదు. మనకెలా తెలుస్తుంది?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయినా చూడు ఉజ్మా, ఆ పేరు పెట్టింది మనం. దిద్దాల్సింది కూడా మనమే. ఎవరో బయటివాళ్ళు దిద్ది, అది ఆ అమ్మ చెవిన పడితే ఇంకా అన్యాయం."

నియమం ఇద్దరికీ తెలిసిందే. ఒక జీవికి ఎంతమంది ఎన్ని పేర్లు పెట్టినా మొదట అచ్చయిన పేరే చెల్లుతుంది. మిగతావి చెల్లవు.

మ్యూజియం వాళ్ళకు రాసి, ఇంకా దగ్గరి ఫొటోలు తెప్పించుకుని, మహిమ స్లయిడ్లతో అన్ని కొలతలూ పోల్చారు. తేడా ఏమీ లేదు. ఫిబ్రవరిలో ఉజ్మా అద్దంకి మీదుగా దర్శి బస్సెక్కింది.

జయపాల్ కల్లంలో ఉన్నాడు. ఎర్రగా పరిచిన మిరపకాయల్ని కాళ్ళతో తిరగేస్తున్నాడు. ఘాటుకు దూరం నుంచే ఉజ్మాకు దగ్గు వచ్చింది.

"ఏందమ్మా, ఫోనన్నా చెయ్యకుండా వచ్చావ్? ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకో. మీ ఆంటీ ఇంకా బళ్ళోనే ఉంది."

"మీతోనే మాట్లాడాలి అంకుల్."

ఆయన గోనెపట్టా మీద కూర్చున్నాడు. ఆమె చెప్పింది. మొదట ఆయనకు ఏమీ బోధపడలేదు. రెండోసారి చెప్పాక, "అంటే అది కొత్త పురుగు కాదా?" అన్నాడు.

"కాదు అంకుల్. వందేళ్ళ కిందటే ఎవరో చూసి పేరు పెట్టేశారు. ఎడిత్ అనే ఆమె పేరు."

"పెడితే పెట్టనీ. రెండు పేర్లు ఉండకూడదా? నన్ను ఊరంతా జయపాల్ అంటారు. మా అమ్మ పోయిందాకా బుజ్జోడా అనే పిలిచింది."

"మనుషులకైతే ఉండొచ్చు. వీటికి ఒకటే ఉండాలి. మొదట పెట్టిందే."

జయపాల్ ఒక మిరపకాయ తీసుకుని తొడిమ తుంచాడు. ఇంకొకటి తీసి దాని తొడిమా తుంచాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"ఆ ఫొటో అందరికీ కనిపిస్తోంది. ఇవాళ కాకపోతే రేపు ఇంకెవరైనా రాస్తారు."

"రాయనీ. వాళ్ళు రాసినప్పుడు చూద్దాం." ఆయన గొంతు పెరిగింది. మళ్ళీ తగ్గింది. "సరే. మీ పద్ధతులు మీకుంటాయి, రాసుకోండి. మీ ఆంటీకి మాత్రం చెప్పొద్దు. ఇప్పుడిప్పుడే వేళకి అన్నం తింటోందమ్మా. ఆ కాగితం వచ్చిందగ్గర్నుంచే మనిషి లేచి తిరుగుతోంది."

సంతోషకుమారి బడినుంచి వచ్చేసరికి ఇద్దరూ ఇంటి దగ్గర ఉన్నారు. ఉజ్మాను చూసి ఆమె ముఖం వెలిగింది. ముందుగదిలో గోడకు ఉజ్మా గీసిన పురుగు బొమ్మ, పెద్దది చేయించి అద్దం కట్టించింది. "చూశావా, ఒంగోల్లో కట్టించా. మా నాలుగో క్లాసు పిల్లలకి ఇవాళ దీని గురించే చెప్పా. రెక్కలు చీపురు కట్టల్లా ఉన్నాయి టీచర్ అన్నారు." చెబుతూనే స్టవ్ వెలిగించి గుడ్లు కొట్టింది. ఉజ్మా సగం అన్నం వదిలేసింది. జయపాల్ తల ఎత్తలేదు. నీరసంగా ఉన్నావేమని ఆమె అడిగితే బస్సు ప్రయాణం పడలేదని చెప్పి సాయంత్రం బస్సుకే ఉజ్మా తిరిగొచ్చేసింది.

వ్యాసం పంపేశారు. అది అచ్చుకు ఒప్పుకున్నట్టు కబురు వచ్చిన వారంలోనే సంతోషకుమారి ఫోన్ చేసింది. ఈస్టరుకు ముందు ఆదివారం చర్చిలో స్త్రీల కూడిక ఉంది. ఉజ్మా వచ్చి ఆ పురుగు గురించి అందరికీ చెప్పాలి. అందరూ అడుగుతున్నారు.

"నువ్వయితే బాగా చెబుతావు. నేను చెబితే లాటిన్ అదీ నాకు నోరు తిరగదు" అంది నవ్వుతూ. ఆ నవ్వు విని చాలా కాలమైంది. ఉజ్మా సరేనని ఫోన్ పెట్టేసి, తల్లి నసీమున్నీసా ఏమైందని అడుగుతుంటే మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళింది. కూడిక సాయంత్రం. జయపాల్ ఇంట్లో లేడు, చేలో చివరి కోతకు కూలీలు వచ్చారు. సంతోషకుమారి ఇస్త్రీ చేసిన చీర మంచం మీద పరిచి, జాకెట్టుకు ఊడిన హుక్కు కుట్టుకుంటోంది. ఉజ్మా కింద కూర్చుని అంతా చెప్పేసింది. అంకుల్‌కి ముందే తెలుసని కూడా చెప్పింది.

సంతోషకుమారి సూది జాకెట్టుకే గుచ్చి పక్కన పెట్టింది.

"ఎవరే ఆ ఎడిత్?"

"తెలీదు ఆంటీ. ఆ వ్యాసంలో ఏమీ రాయలేదు. పేరు పెట్టినాయన భార్యో, కూతురో."

"బతికుండగా పెట్టాడా, పోయాక పెట్టాడా?"

"అదీ తెలీదు."

"ఆమె ఏనాడన్నా చేలో తిరిగిందా? ఎండలో కూర్చుని గుడ్లేరిందా?"

సంతోషకుమారి లేచి గోడమీది బొమ్మ దగ్గరికి వెళ్ళింది. తాకలేదు. అక్కడే నిలబడి, వెనక్కి తిరగకుండా అడిగింది.

"కట్లపాముకి మీ సైన్సువాళ్ళు పెట్టిన పేరేంటి? మహిమ ఒకసారి చెప్పింది. అందులో బంగారం అని వస్తుంది."

"బంగారస్."

"అది మన మాటేగా?"

"మన మాటే ఆంటీ. రెండొందల ఏళ్ళ కిందట ఈ కోస్తాలో ఉన్న ఒక దొర, పసుపు పట్టీలున్న పామును మనవాళ్ళు బంగారు పాము అంటుంటే విని రాసుకున్నాడు. తర్వాత దాని చుట్టాలన్నిటికీ అదే ఇంటిపేరయింది."

"కట్లపాములో బంగారం యాడుందే? నల్లగా ఉంటది. నేను చూశాగా. బియ్యం డబ్బా వెనక దొరికితే పక్కింటోళ్ళు చంపినప్పుడు చూశా."

"లేదు ఆంటీ. ఆ పసుపు పాముకి చుట్టం కాబట్టి దీనికీ వచ్చింది."

అప్పుడు సంతోషకుమారి ఇటు తిరిగింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"నా బిడ్డని తీసుకుపోయినదానికి మన మాట పెట్టుకున్నారు. బంగారం లేకపోయినా బంగారమే అన్నారు. రెండొందల ఏళ్ళయినా దాన్ని ఎవరూ తీసెయ్యరు. నా బిడ్డ పేరు మాత్రం రెండేళ్ళు నిలవకూడదు. ఇదేనా మీ న్యాయం?"

ఆ పేరు ముందు అచ్చయింది, అంతే. ఉజ్మా దగ్గరున్న జవాబు అదొక్కటే. ఆ తల్లి ముందు దాన్ని నోట్లోంచి బయటికి తేలేకపోయింది.

"వెళ్ళమ్మా" అంది సంతోషకుమారి. "సాయంత్రం వాళ్ళకి నేనేదో ఒకటి చెప్పుకుంటా."

బస్సు స్టాపు దగ్గరికి జయపాల్ మోటారుసైకిలు మీద వచ్చాడు. చేలోంచి అలాగే వచ్చేశాడు, చేతులు ఎర్రగా ఉన్నాయి. "చెప్పొద్దన్నా కదమ్మా" అన్నాడు. బస్సు వచ్చేదాకా ఆమె పక్కన నిలబడి, ఆమె ఎక్కాక వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంటినుంచి ఫోన్ లేదు. ఉజ్మా చేస్తే జయపాల్ ఎత్తి, పొలం సంగతులు రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాడు. ఆంటీ బడికి వెళ్ళిందనో, పడుకుందనో అనేవాడు. రాత్రి పూట అన్నం ముందు కూర్చుని లేచిపోతోందని ఒకసారి తనే చెప్పాడు. ఉజ్మాకు తప్పు చేశానని అనిపించలేదు. అలా అనిపించినా బాగుండేది, క్షమించమని అడగడానికి ఒక కారణం దొరికేది. ఏ తప్పూ లేకుండానే ఒక ఇంట్లో మనిషి మళ్ళీ అన్నం మానేసింది. మేలో వ్యాసం అచ్చయింది. ఆమె దాన్ని ఎవరికీ పంపలేదు.

బళ్ళు తెరవబోయే ముందు, జూన్‌లో, ఒక రోజు ల్యాబు తలుపు దగ్గర సంతోషకుమారి నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. చేతిసంచి, గొడుగు. బాగా చిక్కిపోయింది.

"నేను దాన్ని ఎప్పుడూ చూడలేదు" అంది. "బొమ్మే చూశా. చూపిస్తావా?"

ఉజ్మా పెట్టె తీసింది. పేరు పెట్టినప్పుడు ఆధారంగా చూపిన అసలు నమూనా బెంగళూరు మ్యూజియంలో ఉంది. దాంతోపాటు దొరికిన మిగతావి ఇక్కడే ఉన్నాయి. ఒక స్లయిడు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, సరిచేసి, స్టూలు జరిపింది. సంతోషకుమారి కళ్ళజోడు తీసి వంగింది. మొదట ఏమీ కనబడలేదంది. ఒక కన్ను మూసుకోమని ఉజ్మా చెప్పింది.

"ఆ" అంది. "ఆ, వచ్చింది."

చాలాసేపు అలాగే చూసింది. చూస్తూనే, "ఇంత సన్నమా దీని రెక్క" అంది. తర్వాత తల ఎత్తకుండా, "ఇది మహిమ చేత్తో ఎక్కించిందేనా?" అని అడిగింది.

"అన్నీ తనే ఎక్కించింది ఆంటీ. చీటీ కూడా తను రాసిందే."

ఉజ్మా స్లయిడు తీసి ఆమె అరచేతిలో పెట్టింది. గాజు చివర గోరంత కాగితం. దాని మీద దర్శి, మిరప, తేదీ. చీమల్లాంటి అక్షరాలు. సంతోషకుమారి కళ్ళజోడు పెట్టుకుని దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పింది.

"ఏడు అంకె ఇట్టాగే రాసేది. మధ్యలో అడ్డగీత పెట్టి. ఎందుకే ఆ గీత అంటే, ఒకటి అనుకోకుండా అనేది." ఆమె స్లయిడును జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడు నువ్వు రాసింది చూపించు."

ఉజ్మా వ్యాసం తెరిచింది. పైన లావు అక్షరాల్లో ఎడితే. దాని కింద చిన్న అక్షరాల్లో, పక్కన సమానం గుర్తుతో, మహిమే.

"ఇది ఎప్పటికీ ఇక్కడే ఉంటుందా? ఈ కింద?"

"ఉంటుంది ఆంటీ. ఇకముందు ఎవరు దీని గురించి పూర్తిగా రాసినా ఈ లైను కూడా రాయాలి."

"చెల్లని పేరు అని."

"అవును ఆంటీ."

సంతోషకుమారి తల ఊపింది. ఏడవలేదు. బయట వాన మొదలై, కిటికీ రెక్క కొట్టుకుంటుంటే ఉజ్మా వెళ్ళి గడియ పెట్టి వచ్చింది.

"రాయి మీదది తీయించేస్తా" అంది సంతోషకుమారి.

"అక్కర్లేదు ఆంటీ. రాయి మీద ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మా నియమాలు పుస్తకాలకే."

"మీకు ఇబ్బంది లేదులే. అది మా బళ్ళో ఐదో క్లాసులో ఉన్నప్పుడు నేను బోర్డు మీద వత్తు తప్పు రాస్తే, బడి అయిపోయాక వచ్చి తుడిచి దిద్ది వెళ్ళేది. పిల్లల ముందు చెబితే నేను చిన్నబుచ్చుకుంటానని ఒక్కదానివే ఉన్నప్పుడు చెబుతున్నా అమ్మా అనేది. తప్పని తెలిశాక కూడా ఆ మాట దాని తల దగ్గర ఎట్టా ఉంచను? ఉంచలేను ఉజ్మా."

జయపాల్ ఒప్పుకోలేదు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేనంత గొడవ జరిగిందని, పక్కింటివాళ్ళు వచ్చి ఆపారని ఉజ్మాకు తర్వాత తెలిసింది. ఎవడు చదువుతాడు దాన్ని, ఉండనీ అని ఆయన. నేను చదువుతా, ప్రతి ఆదివారం చదువుతా అని ఆమె. చివరికి ఆయనే వెళ్ళి బుల్లయ్యతో మాట్లాడి వచ్చాడు. ఆ రోజుకు రమ్మని ఉజ్మాకు ఫోన్ చేసింది కూడా ఆయనే.

శ్మశానం ఊరి చివర, పత్తి చేలను ఆనుకుని ఉంది. పత్తి అప్పుడే మొలకెత్తి రెండాకులు వేసింది. బుల్లయ్య పక్క ఇంటినుంచి వైరు లాగి గ్రైండరు తగిలించాడు. ముసలివాడు, చెవులకు తువ్వాలు చుట్టుకున్నాడు. మొదలుపెట్టబోతూ ఆగి, "నేను చెక్కినదాంట్లో అక్షరం తప్పేమన్నా పడిందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు బుల్లయ్యా. నువ్వు సరిగ్గానే చెక్కావు" అంది సంతోషకుమారి.

గ్రైండరు రాయికి తగలగానే తెల్లటి దుమ్ము లేచింది. చెవులు చిల్లులు పడే చప్పుడు. పురుగు ఇంటిపేరు ముందు పోయింది. తర్వాత రెండో మాటలో ఎమ్ అరిగిపోతుండగా జయపాల్ లేచి, నాలుగు అడుగులు వేసి, చేను గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం ఉజ్మా చూసింది. వెళ్ళాలో వద్దో తెలియక నిలబడిపోయింది. సంతోషకుమారి మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చివరి అక్షరం దాకా చూసింది.

బుల్లయ్య యంత్రం ఆపి బకెట్టు నీళ్ళు పోశాడు. నీళ్ళకు రాయి నల్లగా తేలింది. అరగదీసినంత మేర కొంచెం పల్లమయింది, అక్కడ మెరుపు లేదు.

"ఖాళీగా అదోలా ఉంది. ఏదన్నా వాక్యం చెక్కమంటారా? పాలిషు కూడా పెడతా."

"వద్దు" అంది సంతోషకుమారి.

జయపాల్ వచ్చి రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలమీద, మీసాల మీద తెల్లదుమ్ము. మెడలో తువ్వాలు తీసి ఆ పల్లంలో నిలిచిన నీళ్ళను అద్దాడు. అరిగిన చోట వేళ్ళతో తడిమి చూశాడు.

"గరుకుగా ఉంది" అన్నాడు.

బుల్లయ్య వైరు చుట్టుకుంటున్నాడు. కాసేపటికి సంతోషకుమారి వంగి భర్త చెయ్యి పట్టుకుని లేపింది. ముగ్గురూ గట్టు మీదుగా ఊళ్ళోకి నడిచారు. ఇంటికెళ్ళాక ఆమె పొయ్యి వెలిగించి కంచాలు పెట్టింది. ఉజ్మా, జయపాల్ తిన్నారు. ఆమె తర్వాత తింటానంది.